ఓటు ఎప్పుడు పోతుంది, పౌరసత్వం ఎప్పుడు పోతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

2018 డిసెంబర్ 7, తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు. మా బడిలోనే పోలింగ్ కేంద్రం. గేటు పక్కన వేపచెట్టు కింద బల్ల వేసుకుని, ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని బీఎల్ఓగా, అంటే బూత్ స్థాయి అధికారిగా కూర్చున్నాను. డెబ్బై దాటిన ఒక అవ్వ వచ్చి కొంగు ముడి విప్పి ఓటరు కార్డు తీసింది. జాబితాలో ఆమె ఫొటో ఉన్న గడి మీద అడ్డంగా 'తొలగించబడినది' అనే ముద్ర ఉంది. సర్వేకి వచ్చిన రోజు ఇంటికి తాళం ఉందని, ఊరు విడిచి వెళ్లిపోయిందని ఎవరో రాసేశారు. ఆమె వెళ్లిన మాట నిజమే. కోడలి కాన్పుకని కొడుకు దగ్గరికి పోయి మూడు నెలలు ఉండి వచ్చింది. "సారూ, నేను సచ్చిపోయిన్నని రాసిండ్రా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చట్టాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. ఊళ్లో వాళ్లు, చుట్టాలు, అమెరికా నుంచి ఫోన్ చేసే పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఒకటే. చట్టం స్వయంగా ఓటు తీసేసే సందర్భాలు చాలా తక్కువ. మనకు తెలియకుండా, మనల్ని అడగకుండా కాగితం మీద పోయే ఓట్లే ఎక్కువ.

చట్టప్రకారం ఓటు హక్కు ఏయే కారణాలతో పోతుంది?

రాజ్యాంగం 326వ అధికరణ ప్రకారం 18 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు ఉంటుంది. 1989కి ముందు ఇది 21 ఏళ్లు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ముగ్గురికి మాత్రమే జాబితాలో చోటు లేదంటుంది. ఒకరు భారత పౌరులు కానివారు. ఇంకొకరు మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించినవారు. మూడోవారు ఎన్నికల నేరాలు, అవినీతి పద్ధతుల వల్ల అనర్హులైనవారు. అంతే. చదువు లేదనో, పన్ను కట్టలేదనో, ఇల్లు లేదనో ఓటు తీసేయడానికి వీల్లేదు.

వీళ్లు కాక జైల్లో ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి వేరే, కింద చెబుతాను.

ఓటరు కార్డు నా చేతిలో ఉంది. జాబితాలో పేరు లేదంటున్నారు. ఓటు వేయనివ్వరా?

వేయనివ్వరు. చాలామందికి పోలింగ్ రోజునే తెలిసొచ్చే నిజం ఇది. ఓటు హక్కు ఉండేది జాబితాలో, కార్డులో కాదు. కార్డు మీరెవరో చెప్పే గుర్తింపు మాత్రమే. జాబితాలో పేరుండి కార్డు పోగొట్టుకున్నా పర్వాలేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటి 12 రకాల గుర్తింపుల్లో ఏదో ఒకటి చూపించి ఓటు వేయొచ్చు.

2018లో అదే రోజు బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు జాబితాలో లేదని ట్విట్టర్‌లో రాశారు. ఆ ఎన్నికల్లో పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ మంచిదే కానీ, వెనక్కి వెళ్లిపోయిన మనిషి ఓటు ఆ ఎన్నికకు మళ్లీ రాదు.

నాకు నోటీసు ఇవ్వకుండా పేరు తీసేయొచ్చా?

తీసేయకూడదు. ఈ ఒక్క సంగతి అందరికీ తెలిస్తే సగం గొడవలు ఉండవని నా నమ్మకం.

1950 చట్టం 22వ సెక్షన్ సూటిగా చెబుతుంది. 'ఈ మనిషి ఇక్కడ నివసించడం మానేశాడు' అనో, 'ఇతనికి అర్హత లేదు' అనో పేరు తీసేయాలంటే, ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఎలక్టోరల్ రిజిస్ట్రేషన్ అధికారి, అంటే మనం ఈఆర్ఓ అనే ఆయన, నోటీసు పంపాలి. విచారణ తేదీ చెప్పాలి. ఆ తర్వాతే ఉత్తర్వు ఇవ్వాలి. జాబితాలో ఇప్పటికే పేరున్న మనిషిని తీసేసే ముందు సరైన విచారణ జరగాలని సుప్రీంకోర్టు 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో కూడా చెప్పింది. ఒకసారి జాబితాలో ఎక్కిన పేరు సరైన పరిశీలన జరిగాకే ఎక్కిందని భావించాలన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట.

నోటీసు అక్కర్లేని కారణం ఒక్కటే, మరణం. చనిపోయిన మనిషికి నోటీసు ఇవ్వలేరు కదా. అందుకే బతికున్న మనిషి పేరు పక్కన పొరపాటున 'మృతి' అని పడితే అంత ప్రమాదం. నేను బీఎల్ఓగా ఉన్నన్నాళ్లూ మరణ ధ్రువీకరణ పత్రమో, ఇంట్లోవాళ్ల సంతకమో లేకుండా ఆ మాట రాయలేదు. మా అవ్వ కేసులో 'ఊరు విడిచింది' అని రాశారు కాబట్టి ఆమెకు నోటీసు రావాలి. రాలేదు.

తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్తే ఓటు పోతుందా?

పోదు. 'మామూలుగా నివసించడం' అంటే ఏమిటో 20వ సెక్షన్‌లో ఉంది. కొన్నాళ్లు వేరే ఊళ్లో ఉన్నంత మాత్రాన సొంతూళ్లో నివాసం పోయినట్టు కాదు. అలాగే ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టూ కాదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లి పండక్కి తిరిగొచ్చే వాళ్లు, ఇటుక బట్టీలకు వెళ్లే వాళ్లు, పెద్ద ఆపరేషన్ అయి కూతురింట్లో ఉన్న ముసలివాళ్లు ఈ కిందికే వస్తారు. కానీ సర్వే వానాకాలం పోయాక జరుగుతుంది, వలస కూడా అప్పుడే మొదలవుతుంది. తాళం చూసి 'షిఫ్టెడ్' అని రాసేస్తారు. ఊరు దాటే ముందు పక్కింటివాళ్లకో, బీఎల్ఓకో ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లండి. చిన్న పనే అయినా ఎంతోమంది పేర్లు ఇలా నిలబడటం నేను కళ్లారా చూశాను.

ఇల్లే లేని వాళ్లకూ ఓటు ఉంటుంది. చిరునామా రుజువు అక్కర్లేదు. వాళ్లు చెప్పిన ఫుట్‌పాత్ దగ్గరికో, ఫ్లైఓవర్ కిందికో బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి, అక్కడే పడుకుంటున్నారని చూసి నిర్ధారించుకోవాలి.

ఫారం 7 అంటే ఏమిటి? ఎవరైనా నా పేరు మీద పెట్టొచ్చా?

జాబితాలోంచి ఒక పేరు తీసేయమని అడిగే దరఖాస్తు ఫారం 7. అదే నియోజకవర్గంలో ఓటరైన వ్యక్తి మీ పేరు మీద అభ్యంతరం పెట్టొచ్చు. తన పేరు, కార్డు నంబర్ రాసి, కారణం చెప్పి, సంతకం చేయాలి. కట్టలు కట్టి ఒకేసారి ఇచ్చే దరఖాస్తులు తీసుకోకూడదు.

2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో దరఖాస్తు వచ్చిందో వాళ్లకే ఆ సంగతి తెలియని ఉదంతాలు బయటపడ్డాయి, పోలీసు కేసులు నమోదయ్యాయి. పార్టీలు ఒకదాని మీద ఒకటి వేలెత్తి చూపించుకున్నాయి. ఆ గొడవలో నాకు బాగా గుర్తున్నది వేరే. దరఖాస్తు పడగానే పేరు పోయిందనుకుని జనం పడిన టెన్షన్ అది. దరఖాస్తు పడటం వేరు, పేరు పోవడం వేరు. మధ్యలో బీఎల్ఓ మీ ఇంటికి రావాలి, మీకు నోటీసు రావాలి. నోటీసు వస్తే పారేయకండి. ఆ తేదీన వెళ్లి 'నేను ఇక్కడే ఉన్నాను' అని చెప్పండి. అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చిన వాళ్లకు 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

పేరు తీసేశారు. ఇప్పుడేం చేయాలి?

ముందు కారణం అడగండి, రాతపూర్వకంగా. ఏ తేదీన, ఏ ఫారం మీద, ఎవరి నివేదికతో తీశారో ఈఆర్ఓ ఆఫీసు రికార్డులో ఉంటుంది.

ఆ తర్వాత రెండు దారులు. ఈఆర్ఓ ఉత్తర్వు తప్పనిపిస్తే 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేయొచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఇది హక్కు కోసం నిలబడే దారి. ఇంకోటి, తొందరగా పనయ్యేది: ఫారం 6 నింపి మళ్లీ కొత్తగా పేరు చేర్పించుకోవడం. ఆన్‌లైన్‌లో చేయొచ్చు, బీఎల్ఓకు చేతికి ఇవ్వొచ్చు. ఏ సందేహం ఉన్నా 1950 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు.

మా అవ్వకు నేను రెండో దారే చూపించాను. ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు, వేలిముద్ర. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ ఎన్నికలకు ఆమె అందరికంటే ముందు వచ్చి లైన్లో నిల్చుంది. బయటికొచ్చాక ఇంకు పెట్టిన వేలు నా మొహం ముందు పెట్టి చూపించింది.

అయితే గడువు గుర్తుపెట్టుకోండి. నామినేషన్ల చివరి రోజు దాటాక ఆ ఎన్నికకు జాబితాలో ఒక్క పేరూ చేర్చరు, తీయరు. దరఖాస్తును పరిశీలించడానికి వాళ్లకూ రోజులు కావాలి కాబట్టి అంతకు పది రోజులైనా ముందు ఇవ్వాలి. షెడ్యూల్ వచ్చాక హడావుడి పడేకంటే ఏడాదికోసారి పేరు చూసుకోవడం మేలు.

పెళ్లయి అత్తారింటికి వచ్చాను. పుట్టింట్లో ఓటు ఉంది. తీయించుకుని మళ్లీ పెట్టించుకోవాలా?

అక్కర్లేదు. ఫారం 8 నింపితే ఓటు కొత్త చిరునామాకు మారుతుంది. ఇంటిపేరు మార్పు, ఫొటో మార్పు, పోయిన కార్డు బదులు కొత్తది, ఇవన్నీ కూడా ఫారం 8లోనే. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లల ఓట్లే ఎక్కువగా గాల్లో ఉండిపోతాయి. పుట్టింట్లో 'పెళ్లయి వెళ్లిపోయింది' అని తీసేస్తారు, అత్తింట్లో ఎవరూ చేర్పించరు. కోడలికి రేషన్ కార్డులో పేరు ఎక్కించే ఉత్సాహంలో సగమైనా ఓటు మీద ఉంటే బాగుండును.

ఊళ్లో ఒక ఓటు, హైదరాబాద్‌లో ఒక ఓటు ఉన్నాయి. ఏమవుతుంది?

అది చట్టవిరుద్ధం. ఒక మనిషికి ఒకే నియోజకవర్గంలో ఒకే చోట పేరుండాలని 17, 18 సెక్షన్లు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో ఉంటూ గోదావరి జిల్లాల్లోనో, గుంటూరులోనో ఓటు ఉంచుకున్నవాళ్లు ఎంతమందో మనకందరికీ తెలుసు. 2024లో రెండు రాష్ట్రాలకూ మే 13నే పోలింగ్ పెట్టారు. బస్టాండ్లు కిటకిటలాడిపోవడం అందరం చూశాం. ఊరి మీద ప్రేమతో అక్కడే ఓటు ఉంచుకుంటే ఇక్కడిది తీయించుకోండి. రెండూ ఉంచుకుంటే, తనిఖీలో రెండూ ప్రమాదంలో పడతాయి.

చాలా ఎన్నికలుగా ఓటు వేయలేదు. పేరు పోతుందా?

పోదు. ఓటు వేయకపోవడం మన దేశంలో నేరమూ కాదు, పేరు తీయడానికి కారణమూ కాదు.

ఆధార్ లింక్ చేయకపోతే తీసేస్తారా?

ఆ ఒక్క కారణంతో తీయకూడదు. 2021 సవరణలోనే ఆ మాట ఉంది. తగిన కారణం వల్ల ఆధార్ ఇవ్వలేని వాళ్ల పేరు తొలగించకూడదని రాశారు. దీని వెనక పెద్ద కథ ఉంది. 2015 మార్చిలో ఆధార్‌తో ఓటర్ల జాబితాను సరిపోల్చే కార్యక్రమం దేశమంతా మొదలైంది. ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆగింది. 2018లో గల్లంతైన పేర్లకు, ఈ సరిపోల్చడానికి సంబంధం ఉందని తెలంగాణలో చాలామంది ఆరోపించారు, కోర్టులకూ వెళ్లారు. కంప్యూటర్ పోల్చి చూపించిన అనుమానాన్ని ఇంటికెళ్లి నిర్ధారించుకోకుండా నిజమని రాసేయడమే నా దృష్టిలో అసలు తప్పు.

ఇక్కడే ఇంకో సంగతి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతుంది. మన దేశంలో నివసించే విదేశీయులకూ ఆధార్ వస్తుంది.

బీహార్‌లో లక్షల పేర్లు పోయాయని విన్నాం. అక్కడేం జరిగింది?

2025 జూన్ 24న ఎన్నికల సంఘం బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించింది. దీన్నే అందరూ ఎస్ఐఆర్ అంటున్నారు. మామూలు సవరణలో ఉన్న జాబితాకు చేర్పులు, తీసివేతలు చేస్తారు. ఇందులో అలా కాదు. ప్రతి ఓటరూ కొత్తగా ఫారం నింపి ఇవ్వాలి. అప్పటికి 7.89 కోట్ల మంది ఓటర్లు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారని, వెళ్లిపోయారని, రెండు చోట్ల ఉన్నారని చెప్పారు. కానీ ఎవరి పేరు ఏ కారణంతో పోయిందో మొదట చెప్పలేదు.

ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ 65 లక్షల పేర్లనూ కారణాలతో సహా వెబ్‌సైట్లలో, పంచాయతీ, బ్లాక్ ఆఫీసుల్లో పెట్టమంది. సెప్టెంబర్ 8న ఆధార్‌ను కూడా గుర్తింపు పత్రంగా తీసుకోమంది. సెప్టెంబర్ 30న వచ్చిన తుది జాబితాలో సుమారు 7.42 కోట్ల పేర్లున్నాయి. నాకు ఆగస్టు 14 ఉత్తర్వే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. 2018లో మా అవ్వ వేపచెట్టు కింద నన్ను అడిగింది కూడా కారణమే.

జైల్లో ఉన్నవాళ్లకు ఓటు ఎందుకు లేదు?

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ఐదో ఉపవిభాగం ప్రకారం, జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉన్న వ్యక్తి ఓటు వేయకూడదు. శిక్ష పడినా, విచారణ ఖైదీ అయినా ఒకటే. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు, వాళ్లు పోస్టల్ బ్యాలెట్ వేయొచ్చు. 1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థించింది.

నాకు మాత్రం ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. నేరం రుజువై శిక్ష పడిన మనిషి బెయిల్ మీద బయట ఉంటే ఓటు వేయొచ్చు. నేరమే రుజువు కాని మనిషి, జామీను ఇచ్చేవాళ్లు లేక లోపల ఉంటే వేయలేడు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వీళ్లలో డబ్బున్నవాళ్లు ఎంతమంది ఉంటారో ఎవరైనా ఊహించగలరు.

జైల్లో ఉన్నంత మాత్రాన జాబితాలోంచి పేరు తీసేయడానికి లేదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు 'ఓటు వేయలేని వాడు పోటీ కూడా చేయలేడు' అని తీర్పు ఇస్తే, పార్లమెంటు ఆ ఏడాదే చట్టం సవరించింది. జైల్లో ఉన్నవాళ్ల పేరు జాబితాలో కొనసాగుతుందని చేర్చింది. దాని ఫలితం విచిత్రంగా ఉంటుంది. జైల్లోంచి పోటీ చేయొచ్చు, గెలవొచ్చు, తన ఓటు తాను వేసుకోలేడు. మామూలు ఖైదీకి ఆ సవరణతో ఒరిగింది ఒక్కటే, విడుదలయ్యాక మళ్లీ పేరు నమోదు కోసం తిరగక్కర్లేదు.

శిక్ష పడితే ఓటు జీవితాంతం పోతుందా?

పోదు. బయటికొచ్చిన రోజు నుంచి వేయొచ్చు. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే పోయేది పోటీ చేసే అర్హత. అది శిక్షాకాలం, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు ఉండదు. టీవీలో 'అనర్హత వేటు' అని వినగానే ఓటూ పోయిందనుకుంటారు. 2023 మార్చిలో సూరత్ కోర్టు తీర్పుతో రాహుల్ గాంధీ లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక తిరిగొచ్చింది. ఆ మధ్యకాలంలో కూడా ఆయన ఓటరే.

దివాలా తీసినవాళ్లదీ ఇలాంటి సంగతే. పోటీకి పనికిరారు, ఓటుకు పనికొస్తారు.

మరి ఏ నేరానికి ఓటే పోతుంది?

ఎన్నికల నేరాలకు. ఓటుకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం, ఓటర్లను బెదిరించడం, ఇంకొకరి ఓటు వేయడం లాంటివి కోర్టులో రుజువై శిక్ష పడితే, 1951 చట్టం 11ఏ సెక్షన్ కింద ఆరేళ్లు ఏ ఎన్నికలోనూ ఓటు వేయకూడదు. తీసుకోవడం కూడా నేరమే. కవరు చేతిలో పెట్టేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు. ఈ అనర్హతను తొలగించే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది.

అవినీతి పద్ధతులకు పాల్పడ్డారని హైకోర్టో, సుప్రీంకోర్టో తేల్చినవాళ్ల మీద రాష్ట్రపతి, ఎన్నికల సంఘం సలహాతో ఆరేళ్ల దాకా వేటు వేయొచ్చు. అందరికీ తెలిసిన ఉదాహరణ బాల్ ఠాక్రే. 1987లో ముంబై విలే పార్లే ఉప ఎన్నికలో మతం పేరుతో ఓట్లడిగిన ప్రసంగాల మీద నడిచిన కేసు అది. 1995 డిసెంబర్ 11 నుంచి 2001 డిసెంబర్ 10 దాకా ఆయనకు ఓటు హక్కు లేకుండా 1999లో ఉత్తర్వు వచ్చింది.

మా నాన్నకు మతిమరుపు బాగా పెరిగింది. ఓటు తీసేస్తారా?

కోర్టు ప్రకటిస్తే తప్ప తీయలేరు. డాక్టర్ చీటీ చాలదు, ఇంట్లోవాళ్ల మాట చాలదు, బీఎల్ఓ అభిప్రాయం అసలే చాలదు. మానసిక వైద్యశాలలో ఉన్నా అంతే. 85 దాటిన పెద్దలు ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చు.

అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. భారత పౌరసత్వం ఎప్పుడు పోతుంది?

అక్కడ ప్రమాణం చేసిన రోజే. ఢిల్లీ నుంచి ఉత్తరం రానక్కర్లేదు, మీరు రాజీనామా చేయనక్కర్లేదు. రాజ్యాంగం 9వ అధికరణ, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న వ్యక్తి ఆ క్షణం నుంచే భారత పౌరుడు కాదు. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. తర్వాత పాస్‌పోర్ట్ అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవడం మీ బాధ్యత. పాత భారతీయ పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేస్తే నేరం. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు 2023 నవంబర్‌లో ఊరికొచ్చాడు. తన పేరుతో ఓటరు స్లిప్పు ఇంటికొచ్చింది. "పేరుంది కదా అన్నయ్యా, వేసి పోతా" అన్నాడు. వద్దురా అన్నాను. పేరున్నంత మాత్రాన హక్కున్నట్టు కాదు, వేస్తే కేసు. ఆ రోజు వాళ్లమ్మను బూత్ దాకా తీసుకొచ్చి, తను గేటు బయటే నిలబడ్డాడు. వాడు పుట్టి పెరిగిన ఊరు, నేను చదువు చెప్పిన బడి అది. వాడి మొహం చూసి నాకూ కష్టంగానే అనిపించింది. ఎన్నికలయ్యాక వాడి పేరు మీద వాడే ఫారం 7 పెట్టుకున్నాడు.

ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదా?

కాదు. పేరులో 'సిటిజన్' అని ఉండటం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఈ కార్డులు మొదట పంచారు. అప్పట్లో చాలామంది ద్వంద్వ పౌరసత్వం వచ్చేసిందని సంబరపడ్డారు. అది జీవితకాలం చెల్లే వీసా లాంటిది, అంతే. ఓటు లేదు, పోటీ లేదు, రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, జడ్జి పదవులు లేవు, మామూలుగా ప్రభుత్వ ఉద్యోగం లేదు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు.

తాతల నాటి పొలం పోతుందేమోనని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. పోదు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. ఇల్లు, ప్లాటు కొనుక్కోవచ్చు కూడా.

ఓసీఐని రద్దు చేయడం పౌరసత్వం రద్దు చేయడం కంటే చాలా తేలిక. రెండేళ్లు, అంతకు మించి జైలు శిక్ష పడినా, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరంలో చార్జిషీటు దాఖలైనా రద్దు చేయొచ్చని 2025 ఆగస్టులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది.

భారతీయ పాస్‌పోర్ట్‌తోనే విదేశంలో ఉన్నాను. ఓటు ఉంటుందా?

ఉంటుంది. ఇంకో దేశ పౌరసత్వం తీసుకోనంత కాలం ఫారం 6ఏ ఇచ్చి, పాస్‌పోర్ట్‌లో ఉన్న ఊరి చిరునామా మీద నమోదు చేసుకోవచ్చు. 2010 సవరణతో ఈ అవకాశం వచ్చింది. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్ట్ పట్టుకుని స్వయంగా ఊరికి రావాలి. ఇంకొకరితో వేయించే ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభ దాటింది గానీ, చట్టం కాకుండానే మురిగిపోయింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 1,19,374 మంది ప్రవాస ఓటర్లు ఉంటే, వచ్చి ఓటు వేసింది 2,958 మంది. గల్ఫ్‌లో కూలి చేసుకునే కరీంనగర్, కోనసీమ వాళ్లకు ఓటు కోసం విమానం ఎక్కే స్తోమత ఉంటుందా? వీళ్ల ఓటును ఎవరూ తీసేయలేదు. అయినా లేనట్టే.

గ్రీన్ కార్డు, హెచ్1బీ మీద అమెరికాలో ఉన్నాం. అక్కడ ఓటు గురించి జాగ్రత్తలేమైనా?

ఒకటుంది, చాలా ముఖ్యమైనది. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో 'ఓటరుగా నమోదు చేయమంటారా?' అని అడుగుతారు. అలవాటుగా అవునని టిక్ పెట్టకండి. పౌరులు కాని వాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం అక్కడ నేరం. పౌరుడినని తప్పుగా చెప్పుకోవడం దేశం నుంచి పంపించేయడానికి కూడా దారితీస్తుంది.

భారత పౌరుడి పౌరసత్వాన్ని ప్రభుత్వం తీసేయగలదా?

పుట్టుకతో వచ్చిన పౌరసత్వాన్ని శిక్షగా తీసేసే సెక్షన్ లేదు. రిజిస్ట్రేషన్ ద్వారానో, నేచురలైజేషన్ ద్వారానో పొందిన పౌరసత్వాన్ని పౌరసత్వ చట్టం 10వ సెక్షన్ కింద రద్దు చేయొచ్చు. మోసంతోనో, నిజాలు దాచిపెట్టో తెచ్చుకున్నా, రాజ్యాంగానికి విధేయత లేదని తేలినా, పౌరసత్వం వచ్చిన ఐదేళ్లలోపు రెండేళ్లకు తగ్గకుండా జైలు శిక్ష పడినా ఇలా చేయొచ్చు. కారణాలతో నోటీసు ఇవ్వాలి, విచారణ కమిటీ ముందు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ వేములవాడ. చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. 2009లో తిరిగి భారత పౌరసత్వం పొంది అదే ఏడాది ఎమ్మెల్యే అయ్యారు. దరఖాస్తుకు ముందు ఏడాది పాటు దేశంలో ఉండాలన్న షరతు తీరలేదని, ఆ సంగతి దాచారని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019లో మరోసారి పౌరసత్వం రద్దు చేసింది. 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆ రద్దును సమర్థించి, ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు. తీర్పు వచ్చేసరికి రమేశ్ నాలుగుసార్లు గెలిచి, చివరి పదవీకాలం కూడా పూర్తిచేశారు. పౌరసత్వం ఉందా లేదా అని తేల్చడానికి పదిహేనేళ్లు పట్టకూడదు. అది ఆ వ్యక్తికీ మంచిది కాదు, అక్కడి ఓటర్లకూ మంచిది కాదు.

అస్సాంలో 'డి ఓటరు' అంటారు. అదేమిటి?

1997లో అస్సాం జాబితాల్లో కొందరి పేర్ల పక్కన 'డి' అని గుర్తు పెట్టారు. సందేహాస్పద ఓటరు అని అర్థం. ఫారినర్స్ ట్రిబ్యునల్ తేల్చేదాకా ఓటు లేదు. తాము భారతీయులమని నిరూపించుకోవాల్సిన భారం వాళ్లదే. 2019 ఆగస్టు 31న వచ్చిన జాతీయ పౌర పట్టికలో 19,06,657 మందికి చోటు దొరకలేదు. ఏటా బ్రహ్మపుత్ర వరదలకు ఇళ్లే కొట్టుకుపోయే చోట తాతల నాటి కాగితాలు చూపించమంటే ఎక్కడినుంచి తెస్తారు?

విదేశీ పౌరసత్వం వదిలేసి తిరిగి భారత పౌరుడిని కావొచ్చా?

కావొచ్చు. ఒకప్పుడు భారత పౌరులైనవాళ్లు గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు అలాంటివాళ్లైనా గానీ, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసిస్తే 5వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌కు అర్హులు. ఐదేళ్లుగా ఓసీఐ ఉన్నవాళ్లకూ 12 నెలల నివాసంతో ఇదే దారి ఉంది. ఆ 12 నెలల లెక్కలో తప్పు చెప్పకండి. వేములవాడ కేసంతా దాని మీదే నడిచింది. తల్లో తండ్రో పౌరసత్వం వదులుకుంటున్నట్టు డిక్లరేషన్ ఇవ్వడం వల్ల పౌరసత్వం పోయిన పిల్లలు, 18 నిండిన ఏడాదిలోపు డిక్లరేషన్ ఇచ్చి తిరిగి పొందొచ్చు.

పోలింగ్ కేంద్రానికి వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. ఇక చేసేదేమీ లేదా?

ఉంది. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను టెండర్ ఓటు అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే, మిషన్ మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు. మీరు గుర్తు వేసి ఇచ్చాక దాన్ని విడిగా కవరులో పెడతారు, మీ పేరు ఒక జాబితాలో రాసి సంతకం తీసుకుంటారు. మామూలు లెక్కింపులో ఆ కవరు విప్పరు. ఫలితం మీద ఎవరైనా హైకోర్టుకు వెళ్లినప్పుడు, తేడా ఒకటి రెండు ఓట్లే అయినప్పుడు, కోర్టు దాన్ని తెప్పించి చూడొచ్చు. 'మాకలాంటిది తెలియదు' అని ఆఫీసర్ అంటే, 49పీ నిబంధన అని చెప్పండి. ఆయనకిచ్చిన పుస్తకంలోనే ఉంటుంది.